మిరపకాయ రాకముందు మన పితికిపప్పు ఎట్లుండేది?

ఎర్రనేల (అనంతపురం)
డిసెంబర్ 19, రాత్రి 9:10

అనపకాయలు దిగాయి. నిన్న తెల్లవారుజామున పాతూరు మార్కెట్ దగ్గర స్కూటర్ ఆపగానే ముక్కుకు తెలిసిపోయింది. మంచుకు కళ్లకు ఇంకా ఏమీ కనపడలేదు. గోతాం పట్టా మీద కుప్ప పోసుకుని కూర్చున్న అవ్వ, "చెయ్యి పెట్టి చూడు నాయనా, జిగురు అంటకపోతే దుడ్లు ఇయ్యొద్దు" అంది. పెట్టాను. సాయంత్రం దాకా ఆఫీసులో ఫైళ్లన్నీ అనపకాయ వాసనే.

రెండు కిలోలు తెచ్చి, ఒలిచి, రాత్రంతా నానబెట్టి, ఈ పొద్దు అందరం చుట్టూ కూర్చుని పితికాం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పప్పు తుర్రుమని ఎగురుతుంది, తొక్క చేతిలో మిగులుతుంది. ఒకటి పోయి దేవుడి పటం వెనక పడింది. అంతా అయ్యాక మిగిలింది ఒక చెంబెడు. అయినా పితికిపప్పు కూరకు ఏటా ఇదే పని, ఏటా ఇదే సంబరం.

అసలు సంగతి ఇప్పుడు. మసాలా నూరుతుంటే ఎనిమిదో తరగతి చదివే మావాడు వచ్చి, "నాన్నా, మిరపకాయ పోర్చుగీసువాళ్లు తెచ్చిందంట కదా, అంతకుముందు ఈ కూర ఎట్ల చేసేవాళ్లు?" అన్నాడు. నేను పళ్లెం వైపు చూశాను. పచ్చిమిరపకాయలు, టమాటాలు, పక్కన చెనిక్కాయ (వేరుశనగ) నూనె. మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఆ మూడూ తీసేస్తే మిగిలేదేమిటి?

సంక్రాంతికి ఆ మూడూ లేకుండా ఒకసారి చెయ్యాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

సంగటిముద్ద (గుత్తి)
డిసెంబర్ 19, రాత్రి 9:22

అన్నా, సీమలో పుట్టి మిరపకాయ లేకుండా వంటా? ఆధార్ కార్డులో అడ్రసు మార్చేస్తారు, చూసుకో.

కోనసీమ చిన్నోడు (అమలాపురం)
డిసెంబర్ 19, రాత్రి 10:05

అండీ, ఆనపకాయని పితకడం ఏంటండీ? మేం ముక్కలు కోసి పులుసు పెట్టుకుంటాం.

ఎర్రనేల
డిసెంబర్ 19, రాత్రి 10:11

మీ ఆనపకాయ మాకు సొరకాయ తమ్ముడూ. మా అనపకాయ చిక్కుడు జాతిది. గింజల్ని కొన్నిచోట్ల అనుములు అంటారు. సొరకాయను పితికే బలం మాకు లేదు.

పెన్నఒడ్డు (కడప)
డిసెంబర్ 20, ఉదయం 6:30

బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఇలాంటి ప్రశ్న వేసే పిల్లవాడు నా తరగతిలో ఒక్కడున్నా ఆ ఏడు హాయిగా గడిచేది. మీవాడికి నా ఆశీస్సులు.

మిరపకాయ కథ దాని పేరులోనే ఉంది. మనకు ముందు తెలిసింది మిరియం. కొత్తగా వచ్చిన కాయలోనూ ఆ ఘాటే కనిపించింది కాబట్టి మిరపకాయ అన్నారు. అనంతపురం వాళ్లకు కన్నడం వేరే చెప్పక్కర్లేదు: మెణసు అంటే మిరియం, మెణసినకాయి అంటే మిరపకాయ. తమిళంలో మిళగు, మిళగాయ్. కొత్త చుట్టానికి పాత చుట్టం పేరు పెట్టి మూడు భాషలూ ఇంట్లోకి రానిచ్చాయి.

శ్రీకృష్ణదేవరాయలు గద్దెనెక్కింది 1509లో. పోర్చుగీసువాళ్లు గోవాను పట్టుకున్నది 1510లో. అంటే ఆయన నాటికి మిరపకాయ ఇంకా మన వంటిళ్లలోకి చేరి ఉండదు. ఆయన ఆముక్తమాల్యదలో గోదాదేవిని పెంచిన విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనం కాలాన్నిబట్టి మారిపోతుంది. వానాకాలంలో వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. ముసురుకు కట్టెలు తడిసి పొగ వస్తే భార్య కళ్లు మండుతాయని కొబ్బరి చిప్పలు మంటపెట్టి వండించడం కూడా అందులోనే ఉంది. (ఈ ఒక్క మాట కోసమైనా ఆ పద్యం మగపిల్లలచేత బట్టీ పట్టించాలి.) ఎండాకాలంలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరుకు పాలు, లేత కొబ్బరినీళ్లు, నీరు మజ్జిగ, ఊరగాయలు. చలికాలానికి వచ్చేసరికి కొత్త బియ్యం అన్నం, మిరియాల పొడి దట్టించిన వేడివేడి కూరలు, ముక్కు అదిరే ఆవపిండి పచ్చడి, చెయ్యి చుర్రుమనేంత వేడి నెయ్యి.

కాబట్టి చలికాలపు కూరకు కారం ఎక్కడినుంచి వచ్చేదో రాయలవారే చెప్పారు. మీ కూరలో మిరియాలు వెయ్యండి. ఆవపిండి మరిచిపోవద్దు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)
డిసెంబర్ 20, మధ్యాహ్నం 1:40

మేడమ్, మీతో ఒక చిన్న పేచీ.

ఆ కథ జరిగేది శ్రీవిల్లిపుత్తూరులో, రాసింది చక్రవర్తి. వరి అన్నం, నెయ్యి, కొబ్బరినీళ్లు, చెరుకు పాలు... ఇవి ఆ కాలంలో పత్తికొండ, ఆలూరు వైపు మెట్ట రైతు ఇంట్లో ఉండేవంటే నేను నమ్మను. మా తాత చిన్నప్పుడు కూడా వరి అన్నం పండగకే. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వ్యాపారి డొమింగో పేయస్ ఈ దేశంలో పండే గింజలు ఏకరువు పెట్టాడు. వరితో పాటు జొన్న, పెసలు, ఉలవలు వగైరా చెప్పి, సామాన్య జనం తిండి ఇదీ అన్నాడు. నాకు ఆయన లెక్క మీద గురి.

మిరియం సంగతీ అంతే. అది పడమటి కనుమల వానల్లో, చెట్లకు పాకి కాసే తీగ. అక్కడినుంచి ఎద్దుల మీద రావాలి, దారిలో సుంకాలు కట్టాలి. మన నల్లరేగడిలో అది బతకదు. మిరపకాయ అట్లా కాదు. ఇంటి వెనక దిబ్బ మీద నాలుగు గింజలు చల్లితే ఏడాదికి సరిపడా కారం. ఎండబెడితే నిలవ ఉంటుంది, ఎవరికీ సుంకం కట్టే పని లేదు. ఇది సీమను గెలిచింది రుచితో కాదు, ధరతో అని నా వాదన. జొన్న రొట్టె, ఎర్రగడ్డ (ఉల్లిపాయ), ఇంత ఉప్పుకారం ఉంటే పూట గడిచిపోతుంది. మిరియాలతో అది సాధ్యమా?

ఇంకా వెనక్కి పోదామంటే మేడమ్ వాళ్ల జిల్లాలోనే పెద్దముడియం ఉంది. అక్కడా, హనుమంతరావుపేటలోనూ నవీన శిలాయుగపు మట్టిలో మాడిన గింజలు ఏరి పరీక్షించారు. సుమారు 4000 ఏళ్ల కిందట ఈ దక్కను మెట్టల్లో తిన్నవాటిలో ముఖ్యమైనవి అండుకొర్ర అనే చిరుధాన్యం, ఉలవ, పెసర. మన రాగి, జొన్న, సజ్జ, అలసంద తర్వాత ఆఫ్రికా నుంచి వచ్చాయి. సంగటి కూడా వలస వచ్చిందే సామీ.

సంగటిముద్ద
డిసెంబర్ 20, మధ్యాహ్నం 1:52

నా పేరు మార్చుకోవాలా ఇప్పుడు?

ఎర్రనేల
డిసెంబర్ 20, సాయంత్రం 7:15

వద్దులే. ఒక రూలు పెట్టుకుందాం: 500 ఏళ్లకు మించి ఇక్కడ ఉన్నవాటికి ఓటు హక్కు. రాగి, జొన్న, అలసంద, చింతపండు అందరూ మనవాళ్లే. మిరప, టమాటా, ఉర్లగడ్డ (బంగాళాదుంప), చెనిక్కాయ ఈ ఒక్క పూటకు బయట నిలబడతాయి.

మడకశిర మల్లె
డిసెంబర్ 21, ఉదయం 5:50

రోజూ చదువుతాను, రాయడం ఇదే మొదలు. మాది వ్యవసాయం. అనపకాయ గురించి మాట్లాడుతూ దాని సేద్యం గురించి ఒక్కరూ రాయలేదని రాస్తున్నా.

మా వైపు అనప ఒంటరి పంట కాదు. రాగి చేలో కొన్ని సాళ్లకు ఒక సాలు అనప పెడతాం. రాగి కోసేశాక అనపకు చేను మొత్తం దొరుకుతుంది, అప్పుడు పాకి పూత పడుతుంది. నాటు అనపకు పగలు పొట్టి కావాలి. ఎంత తొందరగా విత్తినా పొద్దు తగ్గేదాకా పూత రాదు. అందుకే ఇది సంక్రాంతి కాయ అయింది. ఎవరూ పంచాంగం చూసి పెట్టలేదు, చెట్టే చూసుకుంది. కాయ మీద చేతికి అంటే జిగురులోనే వాసనంతా ఉంటుంది. మంచు బాగా పడిన ఏడు ఆ వాసన ఎక్కువ.

ఇప్పుడు పగటి పొద్దుతో పని లేని రకాలు వచ్చాయి, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లవి. హెబ్బాళ అవరె అంటారు. ఏ నెలలో విత్తినా కాస్తాయి, చెట్టు పొట్టి, కోత సులువు. రైతుగా నాకు మేలే, ఆగస్టులో కూడా చేతికి డబ్బు వస్తుంది. మేము కూడా అర ఎకరా పెట్టాం. కానీ ఇంట్లో కూరకు మాత్రం నాటు సాలు లోంచే కోసుకుంటాం. అందులోనే మీరు అర్థం చేసుకోండి.

కర్నూలు అన్న చెప్పిన అండుకొర్ర ఇంకా పోలేదు. మా మడకశిర నుంచి అవతల పావగడ దాకా వేస్తూనే ఉన్నారు. చింతచెట్ల నీడలో కూడా వస్తుంది అది. 4000 ఏళ్లని మా మామకు చెబితే, "అందుకే దానికి అంత పొగరు, దంచితే ఒక పట్టాన పొట్టు వదలదు" అన్నాడు.

పెన్నఒడ్డు
డిసెంబర్ 21, ఉదయం 8:20

మల్లమ్మా, ఇన్నాళ్లు ఎక్కడున్నావు! "చెట్టే చూసుకుంది" అన్న మాట దగ్గర ఆగిపోయాను.

కర్నూలు తమ్ముడి పేచీ న్యాయమే. రాజు గారి వంటిల్లు చూసి ఊరి వంటిల్లు ఊహించకూడదు. ఒప్పుకున్నాను. పెనుకొండ 1565 తర్వాత రాజధాని అయిందని మనం గొప్ప చెప్పుకుంటాం గానీ కోట బయట గుడిసెలో ఆ పూట ఏం ఉడికిందో ఏ శాసనమూ చెప్పదు.

ఇంకొకటి చెప్పాలి. కాలానికి దొరికింది తినడం మనకు ఇప్పుడు సరదా. మా అమ్మకు కాదు. 1952 కరువులో ఊళ్లో గంజి కేంద్రం దగ్గర చెంబు పట్టుకుని నిలబడింది తను. అప్పుడు కాలం ఇచ్చిందంటే బలుసాకు, చెంచలాకు, గురుగాకు. బతికుంటే బలుసాకు తినవచ్చు అనే సామెతను మా అమ్మ ఎప్పుడూ సామెతలా అనలేదు. బాగా పండిన ఏడు కూడా మటిక్కాయలు (గోరుచిక్కుళ్లు), వంకాయలు వరుగులు చేసి కుండలో దాచేది. నేను నగరం నుంచి వచ్చి ఆ వరుగుల పులుసును ఫొటో తీస్తుంటే వింతగా చూసేది.

అట్లాంటాలో అనంతపురం
డిసెంబర్ 21, రాత్రి 11:30

ఇక్కడ ఇండియన్ స్టోర్లో ఫ్రోజెన్ ప్యాకెట్ దొరుకుతుంది, పితికినవే. దాంతో చేస్తే కూర అవుతుంది గానీ వాసన రాదు. ఏమైనా చిట్కా ఉందా? టికెట్ కొనుక్కో అని మాత్రం చెప్పకండి, ఆల్రెడీ చూశాను, టెన్షన్ వచ్చింది.

సంగటిముద్ద
డిసెంబర్ 21, రాత్రి 11:41

అన్నా, నీకు ఫ్రోజెన్ అయినా అనపే దొరికింది. పోయిన నెల హైవే మీద ఒక హోటల్లో బోర్డు మీద "పితికిపప్పు స్పెషల్" చూసి బండి ఆపాను. వచ్చింది పచ్చిబఠాణీ. అడిగితే సర్వర్ "పితికాం సార్" అన్నాడు. దేన్ని పితికాడో!

మడకశిర మల్లె
డిసెంబర్ 22, ఉదయం 5:40

అట్లాంటా అన్నా, వాసన కాయ తొక్క మీద ఉంటుంది, ఒలిచిన పప్పులో తక్కువ. తాళింపులో ఇంగువ, చివర్లో కొత్తిమీర ఎక్కువ వేసుకోండి. అంతకుమించి దారి లేదు.

కొండారెడ్డి బురుజు
డిసెంబర్ 22, మధ్యాహ్నం 2:05

చెనిక్కాయ నూనె బదులు ఏది వాడాలో ఎవరూ చెప్పలేదు. అనంతపురం అంటేనే చెనిక్కాయ అన్నట్టు అయిపోయింది. కదిరి పరిశోధన కేంద్రం పేరుతోనే రకాలున్నాయి, కదిరి 6, కదిరి లేపాక్షి అని. కానీ ఇది ఇంతగా పరుచుకున్నది పోయిన శతాబ్దంలోనే. అంతకుముందు తాళింపుకు నువ్వుల నూనె, మా నల్లరేగడి ఊళ్లలో కుసుమ నూనె. నా ఓటు కుసుమకు.

ఎర్రనేల
డిసెంబర్ 22, సాయంత్రం 6:50

ఇక్కడ గానుగలో కుసుమ అడిగితే వింతగా చూశాడు. నువ్వుల నూనె ఖాయం.

ప్రొద్దుటూరు పిల్ల
డిసెంబర్ 23, రాత్రి 10:15

మీరంతా పెనుకొండ కోట దాకా, శిలాయుగం దాకా పోయి వెతుకుతున్నారు. నాకు ఒక సందేహం. అడగొచ్చా?

నాకు ఏడాదిన్నర కిందట పాప పుట్టింది. కాన్పు తర్వాత మా జేజి (అవ్వ) నాకు పెట్టిన అన్నం గుర్తు చేసుకుంటున్నా. మిరియాల కారం, శొంఠి పొడి, తెల్లగడ్డలు (వెల్లుల్లి) వేయించి దంచిన పొడి, నువ్వుల నూనె. మిరపకాయ లేదు. టమాటా లేదు. ఉర్లగడ్డ లేదు. చెనిక్కాయలు అసలే ముట్టనివ్వలేదు. ఎర్రన్న పెట్టిన రూలూ, మా జేజి రూలూ ఒకటే! ఆమెకు పోర్చుగీసువాళ్ల సంగతి తెలియదు. "బాలింతకు అవి పడవు" అంటుంది, అంతే.

ఆ పాత వంట ఎక్కడికీ పోలేదు, బాలింత గదిలో దాక్కుంది అనిపిస్తోంది. తప్పయితే చెప్పండి.

పెన్నఒడ్డు
డిసెంబర్ 24, ఉదయం 6:10

తప్పు కాదు తల్లీ. రాత్రి చదివి నిద్రపోలేదు నేను.

ఇంకోచోట కూడా దాక్కుంది. తద్దినం వంట. మా ఎదురింటి వాళ్లింట్లో తద్దినం రోజున మిరపకాయ వెయ్యరు, మిరియాలే. టమాటా, ఉర్లగడ్డ, క్యాబేజీ రానివ్వరు. పెసరపప్పు, అరటికాయ, కాకరకాయ, కంద, నువ్వులు వాడతారు. పోయినవాళ్లు తమ నోటికి తెలిసిన రుచులే అడుగుతారు కాబోలు. గుడిలో పెట్టే కట్టెపొంగలి చూడండి. మిరియం, జీలకర్ర, అల్లం, నెయ్యి. మిరపకాయ మనింటి రోజువారీ వంటను గెలిచింది గానీ పుట్టుక, చావు, దేవుడు ఈ మూడు చోట్లా పూర్తిగా గడప దాటలేదు.

కొండారెడ్డి బురుజు
డిసెంబర్ 24, ఉదయం 9:30

ఈ ఒక్కదానికి నా దగ్గర పేచీ లేదు. అయితే అన్ని ఇళ్లలో తద్దినం ఒకటి కాదు మేడమ్. మా ఇంట్లో పెద్దలకు పెట్టేది వేటకూర, అందులో కారం మామూలుగానే ఉంటుంది. మా తాతకు మిరపకాయ లేకుండా పెడితే కాకి కూడా ముట్టదు. బాలింత పథ్యం మాత్రం మా దగ్గరా అదే, మిరియాలే.

మోడరేటర్
డిసెంబర్ 26, మధ్యాహ్నం 12:00

ఓళిగలా, బొబ్బట్లా, భక్షాలా అన్న గొడవకు సంబంధించిన 43 పోస్టులను వేరే చర్చకు తరలించాం. దయచేసి అక్కడ కొట్టుకోండి.

ఎర్రనేల
జనవరి 16, రాత్రి 8:40

చేశాను. ఆలస్యానికి క్షమించండి, ఇల్లంతా చుట్టాలు.

నాలుగు కిలోల కాయ, మడకశిర వైపు నుంచే వచ్చింది. పితకడానికి ఎనిమిది మందిమి. నువ్వుల నూనెలో ఆవాలు, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు, ఎర్రగడ్డలు. నూరింది ధనియాలు, మిరియాలు, అల్లం, తెల్లగడ్డ, పచ్చికొబ్బరి, రెండు లవంగాలు. టమాటా బదులు పచ్చి చింతకాయలు ఉడకబెట్టి పిసికిన పులుసు. మొదటి విడత పాడుచేశాను. మిరియాలు నల్లగా మాడేదాకా వేయించి నూరితే చేదు వచ్చింది. పారబోసి మళ్లీ నూరాను. రెండోసారి మిరియాలు ఊరికే వేడి చూపించి, కచ్చాపచ్చాగా దంచి సగం మసాలాలో, సగం దించేముందు వేశాను. చింతకాయ పులుపు ఎక్కువైతే చిటికెడు బెల్లం. పక్కన మేడమ్ చెప్పిన ఆవపిండి పచ్చడి, అండుకొర్ర అన్నం, సంగటి.

రంగు చూసి పిల్లలు పెదవి విరిచారు. ఎరుపు లేదు, పసుపూ ఆకుపచ్చా కలిసిన ఒక మాదిరి రంగు. మా మామగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏం అల్లుడూ, కారం మరిచిపోయినట్టుంది" అన్నారు. మూడో ముద్దకు ఆయనకు ఎక్కిళ్లు. మిరపకాయ నాలుక కొనమీదే పట్టుకుంటుంది. మిరియం ఊరుకుని ఊరుకుని గొంతులో పట్టుకుంటుంది. ఈలోపల అనపపప్పు రుచి తీరిగ్గా తెలిసింది. 40 ఏళ్లుగా తింటున్న కూర, అందులో ఇంత తీపి ఉందని నాకు తెలియదు. మిరపకాయ దాన్ని ఇన్నాళ్లూ కప్పేసింది.

నిజం కూడా చెప్పాలి. అండుకొర్ర అన్నంలోకి అద్భుతం. సంగటిలోకి తేలిపోయింది. సంగటికి ఆ ఎర్ర కారం పడాల్సిందే. రెండో వాయికి నేనే వెళ్లి ఊరిబిండి తెచ్చుకున్నాను, అది పూర్తిగా చెనిక్కాయా మిరపకాయా. రూలు నేనే పెట్టాను, నేనే తప్పాను.

మా అమ్మకు ముందుగా ఏమీ చెప్పలేదు. తిని, చెయ్యి కడుక్కుంటూ, "కూర అనపది, కారం బాలింతది. నువ్వు పుట్టినప్పుడు మా అమ్మ పెట్టింది ఇట్లే ఉండేది" అని లోపలికి వెళ్లిపోయింది. ప్రొద్దుటూరు చెల్లీ, నీ పోస్టు ఆమెకు నేను చదివి వినిపించలేదు. ఒట్టు.

ప్రొద్దుటూరు పిల్ల
జనవరి 16, రాత్రి 9:02

మా జేజికి చదివి వినిపించాను. "ఆవపిండి వేసినాడంట, తెలివిగలోడే" అంది. ఆమె నుంచి అది పెద్ద బిరుదు.

సంగటిముద్ద
జనవరి 16, రాత్రి 9:10

సంగటికి మిరపకాయే కావాలని తేలింది కదా. నా పేరు ఉంచుకుంటున్నా.

ఎర్రనేల
జనవరి 16, రాత్రి 9:25

మా చెల్లెలికి ఫిబ్రవరి నెలాఖరులో కాన్పు. అమ్మ అప్పుడే మిరియాలు, శొంఠి తెప్పించి పెట్టింది. ఇదే కూర చేసి పెడదామని ఉంది. మల్లెక్కా, అప్పటిదాకా నాటు అనపకాయ ఉంటుందా?

మడకశిర మల్లె
జనవరి 17, ఉదయం 5:35

ఉండదన్నా, ఈ నెలాఖరుకు ముదిరిపోతుంది. అయినా బాలింతకు అనపగింజ ఎవరైనా పెడతారా! వాతం. బిడ్డకు కడుపునొప్పి అని మీ అమ్మ నిన్ను వంటింట్లోంచి తరుముతుంది. బీరకాయ, పొట్లకాయ పెట్టండి ఆ కారంతో. అనపగింజలు మాత్రం ఇప్పుడే ఒలిచి ఎండబెట్టి డబ్బాలో పోసి ఉంచు, చెల్లెలు పథ్యం విడిచాక తింటుంది. రెండు వేపాకు రెబ్బలు వెయ్యి, పురుగు పట్టదు.